కాళ్ల మంటలు - బి-12 విటమిన్

అరికాళ్లలో మంటలనీ, వేళ్లలో తిమ్మిరనీ, సూదులు గుచ్చినట్లు పోట్లనీ మా ఇంటికి వచ్చే పెద్దలు చెబుతుండగా తరచు వింటుంటాను. వయసు మీద పడిందని కొందరు సరిపెట్టుకుంటారు. మధుమేహం ఉన్నవారు నేరమంతా దానిమీదే వేస్తారు. అన్నివేళలా అది నిజం కాదు.

కరెంటు తీగకు రబ్బరు తొడుగు ఉన్నట్లే మన నరాలకు మైలిన్ అనే పొర ఉంది. అది చెడకుండా ఉండాలంటే బి-12 విటమిన్ కావాలి. 1948లో అమెరికాలోనూ, ఇంగ్లండులోనూ శాస్త్రజ్ఞులు దాన్ని ఎర్రని స్ఫటికాలుగా వేరుచేశారు. గ్రామును పది లక్షల భాగాలు చేస్తే, రోజుకు కావలసింది అందులో రెండో మూడో! అయితే కూరగాయల్లో అది దొరకదు. పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసం - వీటిలోనే ఉంటుంది. అందుకే శాకాహారులకూ, వృద్ధులకూ, ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ మాత్రలు వాడేవారికీ ఈ లోపం రావచ్చు.

ఇందులో ఒక చిక్కుంది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం అమెరికాలో 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. కొన్ని రక్తహీనతలకు అది దివ్యౌషధమే. కాని బి-12 లోపించినవారికి అదొక్కటే ఇస్తే రక్తం బాగుపడుతుంది. నరాల క్షీణత మాత్రం లోలోపల సాగుతూనే ఉంటుంది. ముఖం కళకళలాడుతుంటే కాళ్ల గోడు ఎవరు వింటారు?

బి-12 అన్ని నొప్పులకూ మందు కాదు. లోపం ఉన్నవారికి మాత్రం అది నరాలను కాపాడి, పోట్లను తగ్గించవచ్చు. ఆలస్యమైతే చెడిన నరం పూర్తిగా కోలుకోకపోవచ్చు. కనుక ఇంట్లో పెద్దవారు కాళ్లు మండుతున్నాయంటే కొబ్బరినూనె రాసి ఊరుకోకండి. డాక్టరుగారిని సంప్రదించి, రక్తంలో బి-12 ఎంత ఉన్నదో పరీక్ష చేయించండి.