ఇంటి కరెంటుతో కారు నడచునా?

మంథనిలో కాపురముండి రామగుండము పారిశ్రామిక ప్రాంతమునకు దినమును పోయివచ్చు ఉద్యోగి ఒకరు విద్యుత్తు కారు కొన్నారనుకొందము. పోను 30, రాను 30, మొత్తము 60 కిలోమీటర్లని లెక్కకు తీసికొందము. ఇంటి కరెంటుతోనే ఈ ప్రయాణము సాగునా?

చిన్న విద్యుత్తు కారు ఒక యూనిట్టుకు, అనగా ఒక కిలోవాట్ గంట శక్తికి, సుమారు 7 కిలోమీటర్లు నడచును. బ్యాటరీని నింపునప్పుడు కొంత శక్తి ఉష్ణముగా నష్టమగును. కావున 60 కిలోమీటర్లకు మీటరుపై సుమారు 10 యూనిట్లు తిరుగును. 230 వోల్టుల వద్ద 12 ఆంపియర్లు తీసికొను ఛార్జరు సామర్థ్యము 230 × 12 = 2,760 వాట్లు. దీనితో 10 యూనిట్లు నింపుటకు నాలుగు గంటలు చాలును. రాత్రి నడుమ గంట రెండు గంటలు కరెంటు పోయినను తెల్లవారునప్పటికి కారు సిద్ధముగా నుండును.

కావున చిక్కు కాలములో లేదు, తీగలో నున్నది. ఇస్త్రీపెట్టె కొంతసేపు వేడెక్కి ఆగుచుండును; కారు నాలుగు గంటలు ఎడతెగక విద్యుత్తును తీసికొనును. జూల్ నియమము ప్రకారము ఉష్ణము విద్యుత్ప్రవాహపు వర్గమును బట్టి పెరుగును. సాకెట్టులో మర వదులై 0.2 ఓముల నిరోధము ఏర్పడినదనుకొందము. అచట 12 × 12 × 0.2 = 28.8 వాట్ల వేడి పుట్టును. రేడియో మరమ్మతులో టంకము కరగించు చిన్న కడ్డీ 25 వాట్లదే! అంతటి వేడి, అందరు నిద్రించు వేళ, గోడలోని సాకెట్టులో గంటలతరబడి నిలిచినచో ప్లాస్టిక్కు కరగి అగ్నిప్రమాదము కలుగవచ్చును.

అందుచే 5 ఆంపియర్ల సాకెట్టుగాని, పొడిగింపు తీగగాని పనికిరావు. మీటరు బోర్డునుండి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో ప్రత్యేకమైన లైను, 15 ఆంపియర్ల సాకెట్టు, మంచి ఎర్తింగు, ఎం.సి.బి., ఆర్.సి.సి.బి. ఉండవలెను. ఇంటికి మంజూరైన లోడు చాలనిచో విద్యుత్ పంపిణీ సంస్థకు దరఖాస్తు చేసి పెంచుకొనవలెను.

ఖర్చు మాట. నెలకు 25 పనిదినములైన 250 యూనిట్లగును. వాడుక హెచ్చినకొలది యూనిట్టు వెల హెచ్చును. అర్హులకు 200 యూనిట్ల వరకు ఉచితమిచ్చు గృహజ్యోతి పథకము 2024లో ఆరంభమైనది. కారు వచ్చినచో ఆ హద్దు దాటిపోవును. అయినను యూనిట్టు 9 రూపాయలు పడినచో దినమునకు 90 రూపాయలు. లీటరుకు 15 కిలోమీటర్లు నడచు కారుకు 4 లీటర్ల పెట్రోలు, లీటరు 100 లెక్కన 400 రూపాయలు.

లెక్క అనుకూలముగానే యున్నది. అయితే కారు కొనుటకు ముందు, అనుభవముగల ఎలక్ట్రీషియనుచే ఇంటి వైరింగు పరీక్ష చేయించుట అవసరము.