కెనడా దేశమున ఆకురాలు కాలము

శరదృతువనగానే మనకు తేరిన యేటి నీరును, పండువెన్నెలయు జ్ఞప్తికి వచ్చును. ఆకులు రాలుట మన దేశమున శిశిరమునందలి సంగతి. కెనడా దేశమునందన్ననో శరత్తే ఆకురాలు కాలము. సెప్టెంబరు 22, 23 తేదీల ప్రాంతమున పగలును రాత్రియు సమానమగును. అటుపిమ్మట దినదినమును పగలు తగ్గి చలి హెచ్చును. 1874వ సంవత్సరమున కాకినాడలో మిషను పని నారంభించినవారు ఆ దేశపు బాప్టిస్టులే. కావున అచ్చటి ఋతుధర్మమును గూర్చి మన విద్యార్థులకు కొంత తెలుపుట యుచితమని తలంచుచున్నాము.

ఆకులు ఏల రంగు మారును? ఆకునకు పచ్చదనము నొసంగునది పత్రహరితము. ఎండ తోడ్పాటున చెట్టున కాహారమును సిద్ధపఱచునది యదియే. అది క్షయించుచు మరల పుట్టుచునుండును. పగలు తగ్గినకొలది చెట్టు దానిని పుట్టించుట మానును. అప్పుడు దాని మాటున వేసవియంతయు దాగియుండిన పసుపువన్నె బయలుపడును. భూర్జవృక్షములు బంగారువలె మెఱయుట యిందువలననే. మేపిల్ చెట్ల యెఱుపు మాత్రము దాగియుండినది కాదు. ఆకులో మిగిలిన చక్కెరనుండి క్రొత్తగా పుట్టునది. పగలు మంచి యెండయు, రాత్రి గడ్డకట్టనంతటి చలియు గల యేట ఆ యెఱుపు మిక్కిలి శోభించును. తుదకు తొడిమ మొదట నొక పొర యేర్పడి ఆకు రాలిపోవును. 1965వ సంవత్సరమునుండి ఆ దేశపు జెండాపై నున్నది ఈ మేపిల్ ఆకే.

ఈ శోభను చూచుటకై జనులు కుటుంబములతో అడవులకు పోవుదురు. ఒంటారియో రాష్ట్రమున 1893లో నేర్పడిన ఆల్గాంక్విన్ వనము ఇందుకు ప్రసిద్ధము. పశ్చిమమున రాకీ పర్వతములలో లార్చి అను చెట్ల సూదులవంటి యాకులు పసిడివన్నె దాల్చి రాలును. తోటలలో ఆపిలు పండ్లను కోయుట పిల్లలకు వేడుక. అక్టోబరు మాసపు రెండవ సోమవారమున పంటలకై దేవునికి కృతజ్ఞతలు చెల్లించు పండుగ జరుగును. ఆకాశమున బాతులు బారులు దీఱి దక్షిణమునకు పోవుచుండును.

అయితే ఈ ఋతువు నమ్మదగినది కాదు. ఉదయమున నేలపై మంచు పేరును. మధ్యాహ్నమున పైకోటు విప్పవలసినంత యెండ కాయును. సాయంకాలమునకు వాన గాని హిమము గాని కురియవచ్చును. దీనికి కారణము భూమి యమరికయే. ఉత్తరపు చలిగాలులను హిమాలయములు మన కడ్డుకొనుచున్నవి. ఉత్తర అమెరికాలో అట్టి యడ్డుగోడ లేదు. రాకీ పర్వతములు ఉత్తరదక్షిణములుగా సాగియున్నవి. కావున ధ్రువప్రాంతపు చలిగాలియు, మెక్సికో సింధుశాఖనుండి వచ్చు తడిసిన వేడిగాలియు మైదానములపై నిరాటంకముగా నెదుర్కొనును. శరత్తున ఈ రెంటి పెనుగులాట మిక్కుటము. 2014 సెప్టెంబరు 8 మొదలు 10 వఱకు కాల్గరీ నగరమున హిమము కురిసెను. చెట్ల కింకను ఆకులుండుటచే ఆ బరువునకు కొమ్మలు విరిగిపడెను.

1954 అక్టోబరు 15వ తేదీ రాత్రి సంగతి ఇంతకన్న ఘోరము. ఉష్ణప్రదేశమునుండి వచ్చిన హేజెల్ అను తుపాను చలిగాలితో కలిసి టొరంటో ప్రాంతముపై విరుచుకుపడెను. మునుపటి వానలకే నేల నానియుండెను. హంబరు నది పొంగి, నిద్రించుచున్నవారిని ఇండ్లతో గూడ కొట్టుకొనిపోయెను. కెనడాలో 81 మంది మరణించిరి. అటుపిమ్మట ఏటి పల్లములలో ఇండ్లు కట్టుటను అరికట్టి, అట్టి భూములను పెక్కింటిని ఉద్యానవనములుగా మార్చిరి. నేడు శరత్తున జనులు రంగురంగుల ఆకుల నడుమ షికారు చేయు చోట్లలో నవియు గలవు.

ఆ దేశపు పెద్దలు పిల్లలను వనవిహారమునకు కొనిపోవునపుడు కొన్ని నియమములను పాటింతురు. ఒక్క మందపు వస్త్రమునకు బదులు పలుచని వస్త్రములను ఒకదానిపై నొకటి తొడుగుదురు. నూలుబట్ట తడిసిన వేడిని నిలుపదు గనుక ఉన్నిబట్ట మేలు. నీరు గడ్డకట్టనంతటి చలిలోనైనను, తడిసిన దేహమునకు గాలి తగిలిన వేడి త్వరగా పోయి ప్రాణాపాయము కలుగును. వణకు, మాట తడబాటు, అడుగు తొట్రుపాటు దాని గుఱుతులు. పొద్దు త్వరగా గ్రుంకును గనుక వెలుతురుండగనే తిరిగివత్తురు. ఎచ్చటికి పోవుచున్నదియు, ఎప్పుడు వచ్చునదియు ఇంటివారికి చెప్పిపోవుదురు.

మన కోస్తా జిల్లాలకును అక్టోబరు, నవంబరులే తుపాను మాసములు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వేలకొలది ప్రాణములను బలిగొన్నది. దేశము వేఱైనను పాఠమొక్కటియే. ఆకులకు వన్నె తెచ్చు చలియే హిమమును గూడ తెచ్చును. మన పంటలకు వాన నిచ్చు సముద్రమే తుపానును గూడ పంపును. కావున, విద్యార్థులారా, సృష్టికర్త యొసగిన అందమును సంతోషముతో చూడుడు. మేఘముల గుఱుతులను శ్రద్ధతో నేర్చుకొనుడు. ఏటికైనను, సముద్రపుటొడ్డునకైనను పోవునపుడు పెద్దలకు చెప్పి పొండు.