రెప్పవాల్చు యంత్రము

పచ్చబొత్తామును నొక్కి వ్రేలు తీసివేసినను మోటారు ఆగక తిరుగుచుండుట యేలయని ఇంజనీరింగు ప్రయోగశాలలో విద్యార్థి యడుగు ప్రశ్నకు సమాధానము, బల్లమీది చిన్న కన్వేయరులో గాని, గాలి యొత్తిడితో ముందునకు దూకు సిలిండరులో గాని లేదు, ప్రక్కనున్న పి.ఎల్.సి. (ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్) పెట్టెలో నున్నది. నిచ్చెన మెట్లవలె గీయబడిన ఆ ప్రోగ్రాములో స్టార్టు కాంటాక్టునకు సమాంతరముగ మోటారు ఔట్‌పుట్ తాలూకు కాంటాక్టే మరియొకటి నిలిచియుండును గనుక, ఒకమారు కదలిన మోటారు తన్ను తానే నిలుపుకొనును. స్టాపు బొత్తామును మాత్రము నొక్కినపుడే విద్యుత్తు తెగునట్లు బిగింతురు. తీగె తెగినను యంత్రము ఆగవలెను గదా!

విద్యుత్తుతో కదలు స్విచ్చులగు రిలేలతో నిండిన బీరువాలను, కారు నమూనా మారినప్పుడెల్ల తీగెలు విప్పి మరల కట్టవలసిన అవస్థను వదల్చుకొనగోరి, 1968లో జనరల్ మోటార్సు వారి హైడ్రామాటిక్ విభాగము కొత్త నియంత్రకమును కోరగా, బెడ్‌ఫర్డ్ అసోసియేట్సులోని డిక్ మోర్లీ బృందము మోడికాన్ 084 అను పి.ఎల్.సి.ని రూపొందించెను. అది వారి ఎనుబదినాలుగవ పని యగుటచే ఆ సంఖ్య దానికి పేరైనది. పోటీకి దిగిన డిజిటల్ ఎక్విప్‌మెంట్ వారి పి.డి.పి.-14 ప్రోగ్రామును తీగెలతో నేసిన స్మృతిలో నిలుపుకొనునది; తర్కము మారినచో నేత మారవలె. మోర్లీ యంత్రమో, ఎలక్ట్రీషియను అంతకుముందే చదువనేర్చిన రిలే పటమునే భాషగా గైకొన్నది. ఈ స్పర్ధలో నా పక్షపాతము దాచుకొనను.

అయితే ఆ పటము కొంత మాయ చేయును. రిలేలన్నియు ఏకకాలమున పనిచేయును, పి.ఎల్.సి. మాత్రము ఇన్‌పుట్‌లన్నిటిని ఒకమారు చదివి స్మృతిలో వ్రాసికొని, మెట్లను పైనుండి క్రిందికి వరుసగా విచారించి, ఫలితములను ఔట్‌పుట్‌లకు పంపి, మరల మొదటికి వచ్చును. చదువుకొన్న తరువాత బయట జరుగు మార్పు, కనురెప్ప మూసినవానికి వలె, మరుసటి చదువు వరకు దానికి గోచరింపదు. ఒక చుట్టునకు 10 మిల్లీసెకనులు పట్టుననుకొందము. సెకనునకు మీటరు వేగముతో సాగు పట్టీపై 4 మిల్లీమీటర్ల ముక్క సెన్సారు నెదుట సుమారు 4 మిల్లీసెకనులే నిలుచును. ఆ ముక్క రెండు చదువుల నడుమ దాటిపోయినచో లెక్కకు రాదు. క్రింది మెట్టు ఫలితమును పై మెట్టు వాడుకొనవలసివచ్చినను, ఒక చుట్టు ఆలస్యము తప్పదు.

మైక్రోప్రాసెసరులు వచ్చినవి, పెట్టెలు చిన్నవైనవి, 1993లో అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘము (ఐ.ఇ.సి.) ప్రమాణము ఇతర భాషలతో పాటు నిచ్చెనకును చోటిచ్చినది. వేగపు లెక్కలకు చుట్టుతో నిమిత్తము లేని ప్రత్యేకమైన కౌంటర్లును వచ్చినవి. వానిని మొదటిదినముననే విద్యార్థికి చూపుట నాకు సమ్మతము గాదు. ముందు సన్నని ముక్కలను పట్టీపై వదలి, లెక్క యెందుకు తప్పినదో ప్రోగ్రాములో వెదకనిండు.