మంచు గుహలు - మన బిలములు

చీరాల ప్రాంతమున పుట్టి పెరిగిన వారికి కొండ దూరపు వస్తువు. మన పాదముల క్రింద ఇసుక, నల్లరేగడి, తూర్పున సముద్రము. అందుచేత హిమానీనదముల లోపల నీలికాంతితో మెరయు మంచు గుహల చిత్రములను చూచిన మన విద్యార్థులు, ఒక్కరోజులో నడచి చూచి రాగల ఇట్టి చోటు మనకు లేదా అని అడుగుట సహజము. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుటయు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఒక విన్నపము నుంచుటయు మా ఉద్దేశము.

ఏండ్ల తరబడి కురిసిన మంచు తన బరువు చేతనే గట్టిపడి, మెల్లగా పల్లమునకు జారుచుండును. అదియే హిమానీనదము. వేసవిలో పైభాగము కరగగా ఆ నీరు పగుళ్ళ గుండ దిగి అడుగున సొరంగములను తొలుచును. చలికాలమున నీరు తగ్గిపోగా మిగిలిన ఖాళీ సొరంగమే మంచు గుహ. ఒత్తిడికి గాలిబుడగలు వెడలిపోయిన మంచు ఎరుపు కాంతిని గ్రహించి నీలికాంతిని విడుచును గనుక గోడలు నీలముగా కనుపించును. ఐస్‌లాండులోని వాట్నయోకుల్ గుహలకు నవంబరు మొదలు మార్చి వరకు తగిన కాలమని చెప్పుదురు. వేసవి ప్రవేశ మెంత ప్రమాదకరమో 2024 ఆగస్టులో లోకమునకు తెలిసినది. ఆ ప్రాంతముననే మంచు కూలి ఒక యాత్రికుడు మరణించెను.

మన దేశమున గంగోత్రి హిమానీనదపు కొనయగు గోముఖము వద్ద భాగీరథి మంచు గుహ నుండియే వెలువడును. గంగోత్రి నుండి సుమారు 18 కిలోమీటర్ల కాలినడక. శీతకాలమున ఆ దారిని మూసివేయుదురు. పైగా ఆ కొన ఏటేట వెనుకకు జరుగుచున్నది. 2016లో దాని ముందుభాగము కొంత కూలిపోయినది. చీరాల విద్యార్థికి ఇది ఒకరోజు యాత్ర కాదు.

అయితే నీరు చేసిన తొలుపుపనిని చూచుటకు హిమాలయము దాక పోనక్కరలేదు. గుంటూరు, సత్తెనపల్లి మీదుగా పిడుగురాళ్ళ చేరినచో ఆ ప్రాంతముననే గుత్తికొండ బిలము కలదు. అది పల్నాటి సున్నపురాతి సీమ. మన ఇండ్లలో పరచుకొను మాచర్ల నాపరాయి కూడ ఆ జాతి రాయియే. వాననీరు గాలి నుండియు మట్టి నుండియు బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని స్వల్పముగా ఆమ్లమగును. ఆ నీరు సున్నపురాతి పగుళ్ళలో దిగి, రాతిని కరగించి తనతో కొనిపోవును. మంచును తొలుచుటకు ఒక వేసవి చాలును. రాతిని తొలుచుటకు లక్షల ఏండ్లు కావలెను. లోపల చుక్కచుక్కగా కారునపుడు వాయువు విడిపోయి, కరగిన సున్నము తిరిగి గట్టిపడి పైనుండి ఊడలుగను, క్రిందినుండి స్తంభములుగను పెరుగును. అమరనాథ గుహలోని మంచులింగము కూడ కారిన నీరు పేరుకొనినదే. అక్కడ నీరే గడ్డకట్టును, ఇక్కడ నీరు పోయి సున్నము మిగులును.

ఈ విద్య యంతయు విశాలముగా కనబడునది నేటి నంద్యాల జిల్లాలోని బెలుం గుహలలో. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటిని గూర్చి వ్రాసెను. 1982-83లో డేనియల్ గెబావర్ నాయకత్వమున జర్మను బృందము వీటిని శోధించినది. కొలతకు వచ్చిన పొడవు 3,229 మీటర్లు. బిలమను మాట నుండియే ఆ పేరు వచ్చినదందురు. కాని చీరాల నుండి ఉదయము పోయి రాత్రికి మరలుటకు అది దూరము.

గుత్తికొండ బిలమున ముచుకుందుడు యుగముల తరబడి నిద్రించెనని స్థలపురాణము. గుహను ఉర్దూలో ‘గార్’ అందురు. గుహలో 300 ఏండ్లును, మరి 9 ఏండ్లును నిద్రించిన అస్‌హాబె కహఫ్ కథ మన ఉర్దూ తరగతి విద్యార్థులకు ఇంటిలోనే తెలియును. ఈ రెండు కథలను ఒకే బస్సులో ఒకరికొకరు చెప్పుకొనుట కూడ మాకు చదువుగనే తోచును.

ఇక భయము మాట. అది అకారణము కాదు. లోతైన బిలములలో గాలి మెదలక బొగ్గుపులుసు వాయువు పల్లమున చేరవచ్చును. మన పల్లెలలో పాత బావిలోను ధాన్యపు పాతరలోను దిగుటకు ముందు దీపము దించి చూచుట ఇందులకే. దీప మారినచో దిగరాదు. వెలిగినంత మాత్రమున భయము లేదనియు తలపరాదు. బెలుంలో సందర్శకులకై పైనుండి గాలి పంపు ఏర్పాటు చేయవలసి వచ్చినది. వానకాలమున నీరు చేరును, రాయి జారును. గుత్తికొండకు జనము కూడునది తొలి ఏకాదశికి. విద్యార్థులకు ఆ ఋతువు తగదు. డిసెంబరున తుపానుల బెడద యింకను ఉండును గనుక జనవరి ద్వితీయార్ధమే మేలు.

కమిటీవారిని కోరునది స్వల్పమే. ఒక బస్సు, ఇద్దరు అధ్యాపకులు, గుత్తికొండలోనే నివసించి బిలము నెరిగిన ఒక మనిషి, మనిషికొక టార్చిలైటు. జట్టు 20 మందికి మించరాదు. ఆ ఊరివారు పోవద్దన్న చోటికి ఎవ్వరును పోరాదు. రాతి ఊడ నొక్కటియు విరిచి తేరాదు. విద్యార్థినులకు వేరుగా యాత్ర వేయుదుమని వాయిదా వేయక, ఒక అధ్యాపకురాలిని జతచేసి ఈ జట్టులోనే చేర్చవలెను. తల్లిదండ్రుల అనుమతి పత్రములు తెలుగున, ఉర్దూన సిద్ధపరచి సంక్రాంతి సెలవులకు ముందే పంచినచో జనవరి యాత్రకు వ్యవధి సరిపోవును.