షిప్‌యార్డు ఫిట్టర్... ఊరూరా పాట!

రెజ్యూమేలో ఏం రాయడానికి మీరు మొహమాటపడుతున్నారు? ఐటీఐ చేసినవాళ్లు ఆ సంగతి ఓ మూల చిన్నగా రాసి, మూడు నెలల కంప్యూటర్ కోర్సును బోల్డ్ అక్షరాల్లో పెడతారు. పార్వతీపురం, పాలకొండ, పాతపట్నం వైపు నుంచి విశాఖ వచ్చి ద్వారకానగర్ కోచింగ్ సెంటర్లలో చేరినవాళ్లు నెల తిరక్కుండానే యాస మార్చేసుకుంటారు. ‘ఎల్దాం’ అన్నందుకు పక్క బెంచీవాడు నవ్వాడని ‘వెళ్దాం’ అనడం ప్రాక్టీసు చేస్తారు. మీలోనూ అలాంటివాళ్లు ఉంటే, ఇదే విశాఖలో పనిచేసిన ఓ ఫిట్టర్ కథ చదవండి.

ఆయన పేరు వంగపండు ప్రసాదరావు. పేరు తెలియకపోయినా ‘ఏం పిల్లడో’ పాట మీ చెవిన పడే ఉంటుంది. కాలేజీ ఫంక్షన్‌లోనో, ఏదో ధర్నాలోనో, మీ నాన్నగారి నోటో. 1943లో పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టారు. ఉద్యోగం విశాఖ హిందుస్తాన్ షిప్‌యార్డులో.

ఆ షిప్‌యార్డుకీ ఓ చరిత్ర ఉంది. 1941లో వాల్‌చంద్ హీరాచంద్ సింధియా కంపెనీ మొదలుపెట్టింది. అందుకే ఆ ప్రాంతాన్ని మనం ఇప్పటికీ ‘సింధియా’ అనే పిలుస్తున్నాం. స్వతంత్రం వచ్చాక ఇక్కడ కట్టిన ‘జల ఉష’ ఓడను 1948 మార్చిలో నెహ్రూ నీటిలోకి దింపారు. తర్వాత యార్డు ప్రభుత్వం చేతికొచ్చింది. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి వచ్చిన కుర్రాళ్లకు అక్కడ ఉద్యోగం దొరకడమంటే అప్పట్లో మామూలు విషయం కాదు. నెల తిరిగేసరికి జీతం వస్తుంది, పెళ్లి సంబంధాలూ వస్తాయి!

ఫిట్టర్ పని తెలియనివాళ్లకు ఓ మాట. ఇనుప ముక్కను వైస్‌లో బిగించి, ఆకురాయితో రుద్ది, వెర్నియర్‌తో కొలిచి, మళ్లీ రుద్ది, రెండు భాగాలు ఎక్కడా సందు లేకుండా కూర్చోబెట్టాలి. మిల్లీమీటరులో వందో వంతు తేడా వచ్చినా కొన్నిచోట్ల పనికిరాదు. ఆ పని చేసిన మనిషికి యంత్రం లోపల ఏది దేన్ని తిప్పుతుందో అర్థమవుతుంది. వంగపండు అలాగే యంత్రం మీద ఓ పాట కట్టారు. యంత్రం ఎట్లా నడుస్తుందో చెబుతూ పోయి, దాని వెనక ఉన్న కార్మికుడి దగ్గరకు తీసుకెళ్లే పాట అది. యూనివర్సిటీలో కూర్చుని శ్రమ గురించి రాసినవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ చేతికి గ్రీజు అంటినవాడు రాస్తే వేరుగా ఉంటుంది. నా మట్టుకు ఆయన రాసినవాటిలో ‘ఏం పిల్లడో’ కంటే ఈ యంత్రం పాటే గొప్పది.

ఇక ‘ఏం పిల్లడో’. 1960ల చివర శ్రీకాకుళం కొండల్లో సాగిన గిరిజన రైతాంగ పోరాటం దాని నేపథ్యం. ఆ రాజకీయాలతో మీరు ఏకీభవించొచ్చు, ఏకీభవించకపోవచ్చు. భాష సంగతి మాత్రం గమనించండి. పాట నడిచేదంతా ఇంట్లో అమ్మమ్మ మాట్లాడే మాటల్లోనే. పక్క బెంచీవాడు నవ్విన ఆ ‘ఎల్దాం’ అందులోనూ ఉంది. దాన్ని ‘వెళ్దాం’ అని దిద్దితే ఏం మిగులుతుందో మీరే ఓసారి పాడి చూడండి. ఆ పాటను ఉత్తరాంధ్ర ఒక్కటే కాదు, తెలంగాణ, రాయలసీమ కూడా పాడుకున్నాయి. యాస అడ్డం పడలేదు.

1972లో మొదలైన జననాట్యమండలిలో గద్దర్‌తో పాటు వంగపండుదీ ముఖ్యమైన పాత్ర. కాళ్లకు గజ్జె కట్టి, ఆడుతూ పాడేవారు. మూడొందలకు పైగా పాటలు రాశారు. ‘భూమి బాగోతం’ నృత్యనాటకం ఆయనదే. 1986లో ఆర్.నారాయణమూర్తి ‘అర్ధరాత్రి స్వతంత్రం’తో సినిమాలోకీ వచ్చారు. షిప్‌యార్డు ఉద్యోగం మాత్రం చివరిదాకా చెయ్యలేదు. గద్దర్ కథా ఇంతే. ఇంజినీరింగ్ చదివి, 1975లో కెనరా బ్యాంకులో గుమస్తాగా చేరి, 1984లో రాజీనామా చేశారు.

ఇది చదివి ‘అయితే నేనూ ఉద్యోగం మానేసి రీల్స్ చేస్తా’ అనుకునేవాళ్లు కాస్త ఆగండి. అమెరికాలో ఇంకో రకం మనిషి ఉన్నాడు. బిల్ విదర్స్. 1938లో వెస్ట్ వర్జీనియా బొగ్గుగనుల ఊళ్లో పుట్టాడు. మాట్లాడితే నత్తి. అమెరికా నేవీలో తొమ్మిదేళ్లు చేసి, ఆ తర్వాత కాలిఫోర్నియాలో విమాన విడిభాగాల ఫ్యాక్టరీలో చేరాడు. అక్కడ పని విమానాల్లో టాయిలెట్ సీట్లు తయారు చెయ్యడం! 1971లో మొదటి ఆల్బమ్ వచ్చేనాటికి వయసు ముప్పై దాటింది. కవర్ మీద చేతిలో టిఫిన్ డబ్బాతో నిలబడి ఉంటాడు, ఫ్యాక్టరీ భోజన విరామంలో తీసిన ఫొటో అది. ‘ఎయింట్ నో సన్‌షైన్’ హిట్టయ్యే దాకా ఉద్యోగం వదల్లేదు, సంగీత వ్యాపారాన్ని నమ్మలేనని. ఆ పాటకు గ్రామీ వచ్చింది. చిన్నప్పటి బొగ్గు ఊరి జ్ఞాపకాల్లోంచే ‘లీన్ ఆన్ మీ’ పుట్టింది. 1985 తర్వాత రికార్డు కంపెనీల తీరు నచ్చక ఆల్బమ్‌లు మానేశాడు. విదర్స్ 2020 మార్చి 30న పోయాడు. అదే ఏడాది ఆగస్టు 4న వంగపండు పార్వతీపురంలో కన్నుమూశారు.

ఇద్దరికీ పాట పుట్టింది పని దగ్గరే, ఊరి దగ్గరే. తేడా అల్లా జీతం దగ్గర. మీ ఇంటి పరిస్థితిని బట్టి చూస్తే మీలో ఎక్కువమందికి విదర్స్ దారే నయమని నాకనిపిస్తుంది. వంగపండు దారికి ఖరీదు ఎక్కువ, అది ఇంట్లోవాళ్లూ కట్టాలి.

ఖరీదంటే గుర్తొచ్చింది. 2009లో ‘మగధీర’ వచ్చినప్పుడు, తన పాటలోని మాటల్ని అడక్కుండా వాడుకున్నారని వంగపండు అభ్యంతరం చెప్పారు. జనం నోట్లో నానే పాటను జానపదం అనేసుకోవడం తేలిక. మీలో పాటలు రాసేవాళ్లు ఈ విషయంలో జాగ్రత్తపడాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం పాట మీద హక్కు రాసినవారి జీవితకాలంతో పాటు ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ ఎప్పుడు రాశారో రుజువుండాలి. రాసిన రోజే మీకు మీరు మెయిల్ చేసుకున్నా ఎంతో కొంత ఆధారం. 2012 సవరణతో సినిమా పాట రచయితలకూ రాయల్టీలో వాటా వచ్చింది. ఆ వసూళ్లు చూసే సంస్థ ఐపీఆర్‌ఎస్. సంతకం పెట్టే ముందు ఒప్పందం చదవండి, ఎంత సంబరంలో ఉన్నా సరే.

పాటనో నాటకాన్నో పద్ధతిగా నేర్చుకోవాలనుకుంటే ఆంధ్రా యూనివర్సిటీలో సంగీతం, థియేటర్ ఆర్ట్స్ విభాగాలు ఉన్నాయి. ఫిట్టర్ దారి కావాలంటే పదో తరగతి పాసైతే చాలు, ఐటీఐలో రెండేళ్ల కోర్సు. ఆ సర్టిఫికెట్‌తో నేవల్ డాక్‌యార్డు అప్రెంటిస్ స్కూలుకు నోటిఫికేషన్ పడినప్పుడు దరఖాస్తు చేసుకోవచ్చు. స్టీల్‌ప్లాంటు, షిప్‌యార్డుల అప్రెంటిస్ ప్రకటనల మీదా ఓ కన్నేసి ఉంచండి. కేంద్రం అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో ముందే పేరు నమోదు చేసుకుంటే ఆఖరి రోజు సర్వర్ పనిచెయ్యక హైరానా పడే బాధ తప్పుతుంది. దరఖాస్తులో ట్రేడ్ అన్నచోట ‘ఫిట్టర్’ అని కనపడేలా రాయండి.