గుండు కొట్టిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందా?

మన సూళ్లూరుపేటలో తిరుమలకు వెళ్లి గుండు కొట్టించుకోనివాళ్లు తక్కువే. "గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుంది" అంటారు కదా పెద్దోళ్లు, అది నిజమేనా?

కత్తి తీసేది పైకి కనిపించే వెంట్రుకనే. దాన్ని పుట్టించే కుదురు చర్మం లోపల భద్రంగా ఉంటుంది. తలమీద ఇలాంటివి సుమారు 1 లక్ష. ఇవన్నీ అమ్మ కడుపులోనే తయారైపోతాయి. గుండు చేస్తే వీటి లెక్క పెరగదు. కొసలు మొద్దుగా తెగుతాయి కాబట్టి మందంగా అనిపిస్తుంది, అంతే.

మరి కుదురు ఎక్కడ రావాలో ఎవరు చెప్తారు? గ్రోత్ ఫ్యాక్టర్లు, వాటిలాంటి సిగ్నల్ ప్రోటీన్లు. ఇవి కణాలు పంపుకునే మెసేజ్‌లన్నమాట. వింట్ "ఇక్కడ మొదలుపెట్టు" అంటుంది. బీఎంపీ "పక్కనే ఇంకోటి వద్దు" అంటుంది. అందుకే కుదుళ్ల మధ్య ఎడం ఉంటుంది. వీడియో గేమ్ హీరో పేరే పెట్టుకున్న సోనిక్ హెడ్జ్‌హాగ్, కుదురు లోతుకు దిగేలా చేస్తుంది.

పుట్టాక కూడా ఈ మెసేజ్‌లు ఆగవు. ఐజీఎఫ్-1 "పెరుగు" అంటే, ఎఫ్‌జీఎఫ్-5 "ఇక చాలు" అంటుంది. ఎఫ్‌జీఎఫ్-5 జన్యువు పనిచేయని పిల్లులకు బొచ్చు పొడవుగా పెరుగుతుంది!

అందుకే రీల్స్‌లో "గ్రోత్ ఫ్యాక్టర్ సీరమ్" చూసి డబ్బులు పెట్టేముందు ఆలోచించండి. ఇవి పెద్ద ప్రోటీన్లు, పైన రాస్తే చర్మంలోకి సులభంగా దిగవు. మెసేజ్ అందుకోవడానికి లోపల కుదురు బతికుండాలి కూడా. జుట్టు గుత్తులుగా ఊడుతుంటే ముందు స్కిన్ డాక్టర్‌కి చూపించండి.