రహీముగారి కాలిబంతియు, ఆటగాని తలయు



1962వ సంవత్సరము సెప్టెంబరు 4వ తేదీన జకార్తా నగరమున ఆసియా క్రీడలలో కాలిబంతి తుదిపోటీ జరిగెను. భారతజట్టు దక్షిణ కొరియాను 2-1 తేడాతో ఓడించి బంగారు పతకము గైకొనెను. అందు రెండవ గోలు చేసిన జర్నైల్ సింగ్ తలమీద అప్పటికి ఆరు కుట్లుండెను. ఈ సంగతిని అరువదేండ్లుగా మనవారు మెచ్చి చెప్పుకొనుచున్నారు. 2024లో వెలువడిన ‘మైదాన్’ అను హిందీ చలనచిత్రముచేత ఆ కథ మరల అందరి నోటను పడినది. ఆ జట్టును తీర్చిన గురువు హైదరాబాదు వాస్తవ్యులైన సయ్యద్ అబ్దుల్ రహీముగారు. వారిని స్మరించుటకును, ఆ ఆరు కుట్లను చూచి నేటి వైద్యులు అడుగు ప్రశ్నను మీ చెవిని వేయుటకును ఈ ప్రసంగము.

రహీముగారు 1909వ సంవత్సరము ఆగస్టు 17న జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టము పొంది, కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలగుచోట్ల బడిపంతులుగా పనిచేసిరి. పంతుళ్లను గూర్చి చెప్పునపుడు ఈ వృద్ధ పంతులునకు కొంత పక్షపాతముండును, సైరింపుడు. ఆ దినములలో మన ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో చేరి చెన్నపురి ప్రభుత్వము క్రింద నుండెను. తుంగభద్ర దాటినచో నైజాము సీమ. ఆ సీమలో వారు 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శులైరి. పిదప నగర పోలీసు జట్టును చేపట్టిరి. ఆ జట్టు బొంబాయిలోని రోవర్స్ కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు గెలిచెను.

వారి బోధనాపద్ధతి బడిపంతులు పద్ధతియే. బంతిని తనకాలివద్దనే నిలుపుకొని నలుగురిని తప్పించుకొని పోవలెనని ప్రతి కుఱ్ఱవానికిని ఆశ యుండును. రహీముగారు అట్లు బంతిని త్రిప్పరాదను నియమముతో ప్రత్యేకముగా పోటీలు నడపిరి. అందిన బంతిని వెంటనే తోడివానికి అందింపవలసినదే. మరియొక పోటీలో వాటము లేని కాలితోనే ఆడవలెను. ఎడమచేతితో అక్షరములు దిద్దించినట్లు! బంతి నేలనంటి వేగముగా చేతులు మారినట్లు కాళ్లు మారుచుండ, ఒడలికి ఒడలు తాకు సందర్భములు తగ్గును. ఆయన దీనిని గెలుపుకొరకే నేర్పియుండవచ్చును. కాని ఎముకలకును అది మేలుచేసిన విద్యయే యని నా తలంపు.

పాదముల మాటయు చెప్పవలెను. 1948లో లండను ఒలింపిక్ క్రీడలలో మనవారిలో పెక్కురు ఉత్తకాళ్లతో ఆడిరి. లోకము అబ్బురపడెను. 1952లో హెల్సింకి నగరపు చలిలో అట్లే దిగగా యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిరి. అప్పుడు జట్టుకు రహీముగారే గురువు. అటుపిమ్మట అఖిలభారత సంఘమువారు బూట్లు తప్పనిసరి చేసిరి. 1956లో మెల్బోర్నున బూట్లు తొడిగిన జట్టే ఆస్ట్రేలియాను 4-2తో గెలిచి నాలుగవ స్థానమందెను. ఉత్తకాళ్ల శౌర్యమును పొగడినవారు పొగడుచుండగనే నియమము మారెను. ఆటకు నష్టమేమియు కలుగలేదు.

ఇక జకార్తా. అప్పటికే రహీముగారి దేహమున పుట్టకురుపు వ్యాధి ప్రవేశించియుండెను. మొదటి ఆటలో కొరియా చేతిలోనే 2-0తో ఓడిన జట్టును వారు నిలబెట్టిరి. సికిందరాబాదు తులసీదాస్ బలరాం, హైదరాబాదు యూసుఫ్ ఖాన్ ఆ జట్టులోనివారే. థాయిలాండుతో జరిగిన ఆటలో జర్నైల్ సింగునకు తల పగిలెను. అతడు రక్షకస్థానమున ఆడువాడు. కుట్లుపడిన పిదప రహీముగారు అతనిని ముందువరుసకు మార్చి ఆడించిరి. యుక్తి ఫలించెను. మరుసటి యేడు జూన్ 11న రహీముగారు మరణించిరి. నాటినుండి నేటివరకు మనదేశమునకు ఆసియా క్రీడల కాలిబంతిలో బంగారము మరల రాలేదు.

ఆ నిర్ణయమునకు రహీముగారిని నేడు దోషిగా నిలుపుట న్యాయము కాదు. మెదడదరుటను పరీక్షించు పద్ధతులు ఆనాటి ఆటస్థలములలో లేవు. ఆ విషయమై వివిధదేశముల వైద్యుల మొదటి మహాసభ 2001లో వియన్నాలో జరిగెను. గాయపడినవానికి బదులు మరొకని దించు వీలు ప్రపంచకప్పులో 1970లో గాని రాలేదు. అయితే ఆనాడు చేసినది నేడును చేయదగినదని పిల్లలకు చెప్పుట వేరు. నేను దానికి ఒప్పుకొనను.

మన ప్రాంతపువారికి తలగాయము క్రొత్త కాదు. దసరానాటి రాత్రి దేవరగట్టున బన్ని యుత్సవములో కర్రలు తగిలి తలలు పగులుటయు, నెత్తుటిపై పసుపు అద్దుటయు మీరెరిగినదే. నెత్తురు కనబడును గనుక అందరును చూతురు. కనబడని దెబ్బ మాట యేమి? కుండలోని పెరుగును తటాలున కుదిపి ఆపినచో కుండ బీటవారకున్నను లోని గడ్డ విరుగును. పుర్రెలో నీటినడుమనున్న మెదడును అట్టిదే. దెబ్బతిన్నవాడు మూర్ఛపోవలెనను నియమము లేదు. పెక్కురు లేచి నడతురు. ఆ స్థితిలో రెండవ దెబ్బ తగిలినచో, ముఖ్యముగా బాలురకు, ఒక్కొక్కప్పుడు ప్రాణహాని కలుగును.

తలతో బంతిని మాటిమాటికి కొట్టుటవలన ముదిమిలో కీడు కలదాయని మరియొక వాదము. గ్లాస్గో విశ్వవిద్యాలయమువారు 2019లో 7,676 మంది స్కాట్లండు పూర్వపు వృత్తి ఆటగాండ్ర మరణకారణములు చూడగా, మతిమరుపు మొదలగు మెదడు క్షీణించు వ్యాధులచేత చనిపోవుట తక్కినవారికంటె మూడున్నర రెట్లు హెచ్చుగా కనబడెను. 2021లో వారే స్థానములవారీగా లెక్కింపగా రక్షకులకు ఆ వ్యాధులు మిక్కిలి హెచ్చు, చేతులతో ఆడు గోలుకాపరికి తక్కువ. గుండెజబ్బు మరణములు మాత్రము ఆటగాండ్రలో తక్కువే. కావున ఆటను మానిపింపుడని ఎవరును చెప్పుటలేదు. అమెరికాలో పదేండ్లు, అంతకు లోబడిన పిల్లలు తలతో బంతి కొట్టరాదని 2015లో నిర్ణయించిరి.

మన కోసిగి ప్రక్క ఊళ్లలో ఆటలు పెట్టించువారు, బహుమానములిచ్చువారు మీరే. తల తగిలిన కుఱ్ఱవాడు లేచి “ఏమియు కాలే”దనును. గెలుపుకై అరచుచున్న జట్టువారును అదే అందురు. వానిని ప్రక్కకు పిలిచి, ఇది ఏ ఊరు, ముందు గోలు చేసినదెవరు, ఇప్పుడు ఎవరితో ఆడుచున్నావని అడుగుడు. తడబడినను, తల తిరిగినను, వెలుతురు చూడలేకున్నను ఆనాటికి వాని ఆట ముగిసినట్లే. తడబడకున్నను సందేహమున్నచో అంతే. పలుమారులు వాంతులైనను, తలనొప్పి పెరుగుచున్నను, మత్తుగా పడియున్నను, చెవినుండిగాని ముక్కునుండిగాని నీరో నెత్తురో కారినను, ఆదోనికో ఎమ్మిగనూరుకో ఆసుపత్రికి తక్షణమే తీసికొనిపోవలెను. పడుకొని లేచిన తగ్గునని ఊరకుండరాదు. మెడ నొప్పియన్నవానిని ఎత్తి కూర్చుండబెట్టరాదు.

తక్కినవారికి ఒకటి రెండు దినములు విశ్రాంతి. పిదప నడక, బడి, మెల్లని పరుగు, తుదకు బంతి. ఏ మెట్టున తలనొప్పి తిరిగివచ్చినను ఒక మెట్టు వెనుకకు. బ్రిటనులో ఊరిజట్లకొరకు 2023లో ప్రకటించిన సూచనలప్రకారము 21 దినములు గడువనిదే పోటీకి దిగరాదు.